మంగవ్వ పోసిన నీళ్ళు

"దూరం జరుగు బిడ్డా. నీకు దగ్గున్నది," అన్నది మంగవ్వ.

ధాత్రికి ఒళ్ళు మండింది.

ఆ రోజు ఆదివారం. పదకొండు కావస్తోంది. బాత్రూంలో మంగవ్వ చిన్న పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ కాళ్ళ మీద ధాత్రి తమ్ముడు బోర్లా పడుకుని ఉన్నాడు. వాడికి రెండున్నర నెలలు. ఇంట్లో అందరూ చిన్నోడు అని పిలుస్తారు. ఒంటినిండా నూనెతో నిగనిగలాడుతున్నాడు.

"నాకేం దగ్గు లేదు," అంది ధాత్రి.

"లేకుంటె మంచిదే. అయినా గడప అవతల నిలబడు. పసిపోరడు."

"వాడు నా తమ్ముడు!"

"నీ తమ్ముడే. నేనేమన్న ఎత్తుకపోతున్ననా?"

వంటింట్లోంచి అమ్మమ్మ పకపకా నవ్వింది. దాంతో ధాత్రికి కోపం ఇంకా పెరిగింది. రోజూ వచ్చి అరగంట నీళ్ళు పోసి పోయే మనిషి. సొంత అక్కనే దూరం జరగమంటుందా?

నిజానికి ధాత్రికి మూడు రోజులుగా దగ్గు ఉంది. ఆ సంగతి ఆమెకు, ఆమె పెన్సిల్ డబ్బాకు మాత్రమే తెలుసు. దగ్గు బిళ్ళలు ఆ డబ్బాలోనే దాచింది. దగ్గు వచ్చినప్పుడల్లా ఒక బిళ్ళ నోట్లో వేసుకుంటోంది. "గొంతు అట్లుందేందే?" అని అమ్మ అడిగితే, "కబడ్డీలో అరిచిన," అని చెప్పింది.

ఇదంతా స్టార్ కోసం. బడి తెరిచిన రోజు నుంచి ఆగస్టు పద్నాలుగు వరకు ఒక్క రోజు కూడా మానకుండా వచ్చిన వాళ్ళకు, పదిహేనున జెండా కింద నిలబెట్టి బంగారు రంగు స్టార్ పెడతారు. పోయిన ఏడు సిద్దిపేటలో చిన్నమ్మ పెళ్ళి వల్ల ఒక్క రోజు తేడాతో పోయింది. ఐదో తరగతిలో అయినా ఆ స్టార్ కొట్టాలని ధాత్రి పట్టుదల. దగ్గు ఉందని చెబితే అమ్మ బడి మాన్పిస్తుంది.

మంగవ్వ చెంబుతో నీళ్ళు తీసి మోచేతి మీద పోసుకుని చూసింది. మొహం చిట్లించి నల్లా తిప్పింది. బకెట్లోకి చల్లనీళ్ళు బుడబుడా పడ్డాయి. మళ్ళీ మోచేతి మీద పోసుకుని చూసి, అప్పుడు చిన్నోడి వీపు మీద పోసింది.

ధాత్రి గడప అవతల నిలబడి చేతులు కట్టుకుని ఇదంతా చూసింది.

స్నానం అయ్యాక చిన్నోడిని అమ్మ పాత నూలు చీరలో చుట్టి, చెవుల వెనక, మెడ మడతల్లో, వేళ్ళ సందుల్లో తుడిచింది మంగవ్వ. అమ్మమ్మ సాంబ్రాణి పొగ వేసింది. ఆ తర్వాత మంగవ్వ నూనె సీసా సంచిలో వేసుకుని రెండో అంతస్తుకు వెళ్ళింది. అక్కడ ధాత్రి క్లాస్‌మేట్ యుస్రా వాళ్ళ ఇల్లు. యుస్రా వాళ్ళ పిన్నికి నెల కింద బాబు పుట్టాడు, మున్నా. వాడికీ మంగవ్వే నీళ్ళు పోస్తుంది.

"ధాత్రీ, తమ్మునికి దిష్టి తియ్యవే," అని అమ్మమ్మ కేక వేసింది. "ఇయ్యాల మస్తు ముద్దుగున్నడు. మూడుసార్లు థూ అను."

ధాత్రి ఒక్క ఉరుకున వచ్చింది. చిన్నోడి మొహం మీదికి వంగింది.

"థూ... థూ... థూ..."

మూడోసారికి దగ్గు తన్నుకుని వచ్చింది. ఆపుకోలేకపోయింది. చిన్నోడు కళ్ళు టపటపలాడించి ముక్కు ముడుచుకున్నాడు.

ధాత్రి వెనక్కి తిరిగి చూసింది. అమ్మమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది. ఎవరూ చూడలేదు. వాడి రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. 'చూసినవా మంగవ్వా, ఏం కాలే,' అనుకుంది.

గురువారం బడి నుంచి వచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. అమ్మ సుమశ్రీ చిన్నోడిని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. వాడు ఏడవడం లేదు. పాలు తాగడం లేదు. గబగబా, గబగబా ఊపిరి తీస్తున్నాడు. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది.

నాన్న ప్రవీణ్ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. క్లాసు మధ్యలో వదిలేసి వచ్చాడు. అందరూ ఆటో ఎక్కారు. వాన పడుతోంది. మెట్రో స్తంభాల పక్కన బళ్ళు ఇంచు కూడా కదలడం లేదు. "జర జరుగు భాయ్, పసిపిల్లగాడున్నడు," అని నాన్న ఆటోలోంచి తల బయటపెట్టి అరుస్తూనే ఉన్నాడు. పంజాగుట్టలో పిల్లల ఆసుపత్రి చేరేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది.

డాక్టరమ్మ చిన్నోడి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి విన్నది. కాలి బొటనవేలికి చిన్న క్లిప్పు పెట్టి యంత్రంలో అంకె చూసింది.

"న్యుమోనియా. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. ఆక్సిజన్ పెట్టాలి, అడ్మిట్ చేస్తున్నాం," అంది. తర్వాత పెన్ను తీసింది. "ఇంట్లో ఎవరికైనా దగ్గు, జలుబు ఉన్నాయా?"

"లేదు మేడం," అంది అమ్మ.

"ఎవరికీ లేదు," అన్నాడు నాన్న.

ధాత్రి పెన్సిల్ డబ్బా బ్యాగులోనే ఉంది. ఆ బ్యాగు ఆమె వీపు మీదే ఉంది.

"సిగరెట్ ఎవరైనా తాగుతారా?"

నాన్న చెప్పుల వైపు చూసుకున్నాడు. "బాల్కనీలో... అప్పుడప్పుడు."

"సాంబ్రాణి పొగ వేస్తున్నారా?"

"అది మంచిదే కదమ్మా?" అన్నది అమ్మమ్మ.

"ఇంత చిన్న ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదండి."

అమ్మమ్మ మొహం మాడిపోయింది. "నా ముగ్గురు పిల్లలకు పొగ ఏసినం. ఎవ్వరికేం కాలే. ఇది ఇంకేందో అయ్యుంటది."

అప్పుడు ధాత్రి నోరు తెరిచింది.

"మంగవ్వ నీళ్ళల్ల చల్లనీళ్ళు కలిపింది. నేను చూసిన."

అందరూ ఆమె వైపు తిరిగారు. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. ఇంతలో నర్సు పిలిచింది. డాక్టరమ్మ చిన్నోడిని తీసుకుని గబగబా లోపలికి నడిచింది. అమ్మ, నాన్న వెనకే పరుగెత్తారు. అమ్మ వెళ్తూ వెళ్తూ తన ఫోన్ అమ్మమ్మ చేతిలో పెట్టింది.

వరండాలో ఇనుప కుర్చీల మీద అమ్మమ్మ, ధాత్రి మిగిలారు. ఫోన్ టింగుమని మోగుతూనే ఉంది. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అందరూ అడుగుతున్నారు. బాబుకు ఎట్లుంది? ఏమైంది?

అమ్మమ్మ పేరు చిలకమ్మ. ఆమెకు చదువు రాదు. "నేను చెప్త, నువ్వు రాయి," అన్నది.

ధాత్రి రాసింది. 'మా బాబుకు న్యుమోనియా వచ్చింది. మంగవ్వ చల్లనీళ్ళు పోసింది. మీ పిల్లలకు ఆమెను పిలవకండి.'

రాశాక వేలు ఆగింది. దూరం జరుగు బిడ్డా అన్న మాట గుర్తొచ్చింది. అమ్మమ్మ చెప్పని మాట ఇంకొకటి చేర్చింది.

'సరిగ్గా తుడవదు కూడా.'

పంపింది. ఆమె నాలుగు రోజుల కోపం చల్లబడింది. కాసేపటికే ఒకరి తర్వాత ఒకరు దండం బొమ్మలు, ఏడుపు మొహాలు పెట్టారు. "థ్యాంక్స్, చెప్పి మంచి పని చేశారు," అని ఎవరో రాశారు.

మర్నాడు పొద్దున బడి మెట్ల మీద యుస్రా ఎదురొచ్చింది. చేతులు నడుం మీద పెట్టుకుని ఉంది.

"గ్రూప్‌ల మీ మెసేజ్ చూసి మా దాదీ మంగవ్వను బంద్ చేసింది."

"మంచిదే కదా?"

"ఏం మంచిదే? పొద్దుగాల గేటు కాడికి వచ్చింది, నూనె సీసా పట్టుకుని. వాచ్‌మన్ సారయ్య తాత లోపలికి రానియ్యలే. 'రానియ్యొద్దన్నరు' అన్నడు. అట్లనే నిలబడి నిలబడి పోయింది. పక్క గల్లీల ఇంకో రెండిండ్ల సుత బంద్ చేసిండ్రంట."

"మరి చల్లనీళ్ళు ఎందుకు పోసింది?"

"ఏ నీళ్ళు పోసింది? మా మున్నాకు సుత అవే నీళ్ళు, అదే మంగవ్వ. వాడు మంచిగనే ఉన్నడు, లడ్డు లెక్క. మరి వానికెందుకు రాలే? చెప్పు!"

ధాత్రికి దగ్గు వచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని దగ్గింది.

"నీకు దగ్గుందా?" అని అడిగింది యుస్రా.

"నీకెందుకు?" అని ధాత్రి విసవిసా క్లాసులోకి వెళ్ళిపోయింది.

వాళ్ళ క్లాస్ టీచర్ బతూల్ మేడం. బడి తెరిచిన మూడు వారాలకు గానీ ఆమె రాలేదు. వాళ్ళ అమ్మ చనిపోయారని మాత్రం పిల్లలకు తెలుసు. వచ్చినప్పటి నుంచి ఆమె మెల్లగా మాట్లాడుతోంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య కొంచెం ఆగుతోంది.

"ధాత్రి."

"ప్రెజెంట్ మేడం," అనబోయి ధాత్రి దగ్గింది. ఈసారి దగ్గు ఆగలేదు.

మేడం రిజిస్టర్ మీంచి తలెత్తి చూసింది. లంచ్ బెల్ కొట్టాక ధాత్రిని ఉండమంది.

"తమ్ముడికి ఎట్లా ఉంది?"

"ఆక్సిజన్ పెట్టిండ్రు మేడం. నీళ్ళు పోసే ఆమె చల్లనీళ్ళు పోసింది. అందుకే వచ్చింది."

"చల్లనీళ్ళతో న్యుమోనియా రాదు, ధాత్రీ."

"అందరూ వస్తదనే అంటున్నరు!"

"అంటారు. అయినా రాదు."

"మరి ఎట్లొస్తది?" ధాత్రి గొంతు పెద్దదైంది. మేడం కూడా మంగవ్వ వైపేనా?

మేడం లేచి, బోర్డు తుడిచే డస్టర్‌ను కిటికీ దగ్గర ఒకసారి బల్లకేసి కొట్టింది. ఎండ పడుతున్న చోట సుద్ద పొడి లేచింది. ధాత్రి వెనక్కి జరిగింది. పొడి కిందపడకుండా అలాగే తేలుతూ ఉంది.

"ఇది కనిపిస్తోంది కాబట్టి నువ్వు వెనక్కి జరిగావు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, ఉమ్మినప్పుడు కూడా ఇట్లాగే సన్నటి తుంపరలు లేస్తాయి. అవి కనిపించవు. వాటిలో క్రిములు ఉంటాయి. దగ్గరున్న వాళ్ళు వాటిని పీలుస్తారు. చేతులకు అంటుకుని ముక్కులోకీ, నోట్లోకీ కూడా పోతాయి."

ఉమ్మినప్పుడు. ఆ మాట దగ్గరే ధాత్రి ఆగిపోయింది.

"మరి... దగ్గు వచ్చిన పెద్దపిల్లలకు ఏం కాదు కదా మేడం? బడికి కూడా రావచ్చు కదా?"

"నీలాంటి పిల్లలకు చాలాసార్లు దగ్గుతోనే పోతుంది. అదే క్రిమి పసిపిల్లల్లోకి పోతే ఊపిరితిత్తుల దాకా దిగవచ్చు. ముసలివాళ్ళలో కూడా. షుగర్ ఉన్నవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు... వీళ్ళ ఒంటికి దాన్ని ఆపే బలం తక్కువ."

మేడం కిటికీలోంచి బయటికి చూసింది.

"మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. షుగర్ ఉండేది. ఎండాకాలం సెలవుల్లో నాకు జలుబు చేసింది. చిన్న జలుబే కదా అనుకున్నాను. రోజూ పక్కన కూర్చుని నా చేత్తో అన్నం తినిపించాను."

ఆగింది.

"నాకు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది."

బయట పిల్లలు టిఫిన్ డబ్బాలు తెరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ధాత్రి అడిగింది.

"అయితే మీ వల్లనేనా మేడం?"

"తెలియదు. డాక్టర్లు కూడా చెప్పలేమన్నారు. ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. కానీ మాస్క్ పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, రెండు రోజులు దూరంగా ఉండడం నా చేతిలో ఉన్న పనులు. నేను చేయలేదు."

ధాత్రి బ్యాగు తెరిచింది. పెన్సిల్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తెరిచింది. దగ్గు బిళ్ళల కాగితాలు పన్నెండో, పదమూడో ఉన్నాయి.

"మేడం, నేను... తమ్ముని మొహం మీద థూ థూ అన్న. దగ్గొచ్చింది. ఎవరికీ చెప్పలే. మంగవ్వ దూరం జరగమన్నది. ఆమెనే అన్నది. నేను ఆమె మీదనే చెప్పిన."

మేడం 'పరవాలేదు' అనలేదు. తలమీద చెయ్యి కూడా వెయ్యలేదు. తన సంచిలోంచి ఒక మాస్క్ తీసి ఇచ్చింది.

"ఇది పెట్టుకో. మీ నాన్నకు ఫోన్ చేస్తాను. ముందు డాక్టర్‌కు నిజం చెప్పాలి. వాళ్ళు అడిగింది ఊరికే కాదు."

"ఇప్పుడు పోతే అటెండెన్స్?" ఆ మాట ఎట్లా వచ్చిందో ధాత్రికే తెలియదు. వచ్చేసింది.

"పోతుంది."

ధాత్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఎక్కడలేని కోపం వచ్చింది. ఈసారి మంగవ్వ మీద కాదు.

"ఒంట్లో మంచిగ లేకున్నా వచ్చినోళ్ళకు స్టార్ ఎందుకిస్తరు మేడం? మంచిగ లేనప్పుడు ఇంట్ల ఉన్నోళ్ళకు ఏమీ ఎందుకియ్యరు?"

బతూల్ మేడం ఆమె వైపు చూసింది.

"ఈ మాట నేను స్టాఫ్ మీటింగ్‌లో అడగవలసింది," అంది. "అడుగుతాను."

ఆసుపత్రి వరండాలో ధాత్రి మాస్క్ పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి అంతా చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు.

అమ్మమ్మ మాత్రం, "ఊకో బిడ్డా," అన్నది. "చిన్నపిల్లవు. నీ దగ్గుతోని ఏమైతది? గా చల్లనీళ్ళతోనే వచ్చింది."

"చల్లనీళ్ళతో రాదమ్మా," అంది డాక్టరమ్మ. "ఇది క్రిములతో వస్తుంది. ఎవరి నుంచి వచ్చిందో ఖచ్చితంగా చెప్పలేం. పాపనూ తిట్టకండి, ఆ నీళ్ళు పోసే ఆవిడనూ తిట్టకండి. ఇంట్లో దగ్గున్న వాళ్ళు బాబుకు దూరంగా ఉండండి. వాడికి వెయ్యాల్సిన టీకాలు టైముకు వేయించండి. మీకు ఎన్నేళ్ళు? షుగర్ ఉందా?"

"అరవై ఎనిమిది. షుగర్ ఉన్నది," అన్నది అమ్మమ్మ.

"అయితే మీరూ ఈ బాబు లాంటి వాళ్ళే. మీకూ జాగ్రత్త కావాలి."

అమ్మమ్మ తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

డాక్టరమ్మ వెళ్ళాక ధాత్రి అడిగింది. "అయితే మంగవ్వను ఎందుకు బంద్ చేసినట్టు?"

"మళ్ళ పిలుద్దాం తీయ్," అన్నది అమ్మమ్మ. "ఒక చీర పెడదాం. అయిపోతది."

"గ్రూప్‌ల రాసింది?"

"ఇప్పుడు మళ్ళ రాసుడు ఎందుకే?" అంది అమ్మ నీరసంగా. "ముందు వాడు ఇంటికి రానీ. అందరు నవ్వుతరు."

ధాత్రి కాలు నేలకేసి కొట్టింది. వరండాలో అందరూ ఇటు చూశారు.

"ఆమె మీద రాసినప్పుడు అందరు చదివితే మంచిగున్నది! మన మీద రాసుకుంటె నవ్వుతరా? నేను మనింటి పిల్లనని ఊకో అంటున్నరు. ఆమె నీళ్ళు పోసేటామె అని ఆమె మీద ఏసిండ్రు. అంతే కదా?"

నాన్న, "ఆదివారం నేను తీసుకపోత," అన్నాడు.

మంగవ్వ ఇల్లు బల్కంపేట వైపు ఒక ఇరుకు గల్లీలో ఉంది. ఎల్లమ్మ గుడి దిక్కు నుంచి డప్పుల మోత వినిపిస్తోంది. మంగవ్వ వాకిట్లో కూర్చుని బోనం కుండకు పసుపు పూస్తోంది. వాళ్ళను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"చిన్నోడు ఎట్లున్నడు?"

"ఆక్సిజన్ తీసేసిండ్రు అవ్వా. పాలు తాగుతున్నడు," అన్నాడు నాన్న.

"ఎల్లమ్మ తల్లి సల్లగ చూసింది," అని చేతులు జోడించింది. తర్వాత ధాత్రి వైపు చూసింది. "గంత దూరం నిలబడ్డవేంది? లోపలికి రా."

"నాకు దగ్గున్నది," అంది ధాత్రి మాస్క్ వెనక నుంచి.

మంగవ్వ చెయ్యి అప్పుడు ఆగింది.

గడప ఇవతల నిలబడే ధాత్రి అంతా చెప్పింది. చివరికి తల వంచుకుంది. "సరిగ్గ తుడవదు అని... అది అమ్మమ్మ చెప్పలే. నేనే రాసిన. అబద్ధం."

మంగవ్వ పసుపు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ముప్ఫై ఏండ్ల సంది పోస్తున్న నీళ్ళు. మోచేతికి పెట్టి చూడకుంట చెంబెడు నీళ్ళు ఎవరి మీదా పొయ్యలే. కాలిపోతదని కలిపిన. చల్లనీళ్ళు పోసిననా?" ఆమె గొంతు పెంచింది. "చల్లనీళ్ళు అన్నరు, సరే, తెలవక అన్నరు. తుడవదు అని ఎట్ల రాసినవు బిడ్డా? మెడ కింద చూసినవా? చెవి ఎనక చూసినవా? ఏడన్న ఒక్క చుక్క ఉన్నదా?"

"లేదు," అంది ధాత్రి.

"తప్పయింది అవ్వా," అన్నాడు నాన్న. "వాడు ఇంటికొచ్చినంక మళ్ళ రా. మేం..."

"రాను. సారయ్య నన్ను గేటు కాడ ఆపిండు, దొంగను ఆపినట్టు. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు చూసిండ్రు. మీరిద్దరు నా వాకిట్ల నిలబడి తప్పయిందంటె ఎవరు ఇన్నరు? ఫోన్ల రాసిండ్రు కదా. ఫోన్లనే రాయుండ్రి. ఎవరు సదివిండ్రో వాళ్ళే సదవాలె."

ధాత్రి నాన్న వైపు చెయ్యి చాచింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి ఫోన్ ఇచ్చాడు.

ఆమె వాకిలి బయట రాయి మీద కూర్చుని రాసింది. రాసి, పెద్దగా చదివింది.

'నేను ధాత్రిని. తమ్మునికి రాకముందే నాకు దగ్గు ఉంది. స్టార్ కోసం దాచిన. వాడి మొహం మీద థూ థూ అని దిష్టి తీసిన, అప్పుడు దగ్గొచ్చింది. చల్లనీళ్ళతో న్యుమోనియా రాదని డాక్టర్ చెప్పింది. నన్ను దూరం జరగమన్నది మంగవ్వ ఒక్కతే. సరిగ్గా తుడవదు అని రాసింది అబద్ధం. అది నేను కోపంతో రాసిన. మంగవ్వ మంచిగ తుడుస్తది. ఆమెను గేటు దగ్గర ఆపకండి.'

"మోచేతికి పెట్టి చూస్తదని సుత రాయి," అన్నది మంగవ్వ.

ధాత్రి అది కూడా చేర్చింది. నాన్న ఒకసారి చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పంపు," అన్నాడు.

పంపింది. ఈసారి ఏ బొమ్మలూ గబగబా రాలేదు. చాలాసేపటి తర్వాత టింగుమంది. యుస్రా వాళ్ళ ఇంటి నుంచి. 'మా దాదీ రేపు రమ్మంటున్నారు. మంగవ్వకు చెప్పండి.'

నాన్న చదివి వినిపించాడు. మంగవ్వ మళ్ళీ కుండ చేతిలోకి తీసుకుంది.

"ఆళ్ళింటికి పోత. మీ ఇంటికా? చూస్త," అన్నది.

చిన్నోడు బుధవారం ఇంటికి వచ్చాడు. మంగవ్వ రాలేదు. రోజూ ధాత్రి బాల్కనీ లోంచి చూసేది. సారయ్య తాత లేచి గేటు తెరిచేవాడు. మంగవ్వ నూనె సీసా సంచితో లోపలికి వచ్చి, వాళ్ళ గుమ్మం ముందు నుంచే రెండో అంతస్తుకు ఎక్కిపోయేది. అమ్మమ్మ ఒకరోజు మెట్ల దగ్గర నిలబడి ఏదో చెప్పింది. మంగవ్వ విని వెళ్ళిపోయింది. తొమ్మిదో రోజు పొద్దున తలుపు తట్టింది.

"బకెట్ పెట్టుండ్రి," అన్నది.

అమ్మమ్మ అలవాటుగా సాంబ్రాణి డబ్బా తీసింది. మంగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "పొగ వద్దన్నదంట కదా డాక్టరమ్మ? రెండో అంతస్తుల సుత మానేసినం." అమ్మమ్మ గొణుక్కుంటూ డబ్బాను పై అరలో పెట్టింది.

బతూల్ మేడం స్టార్ గురించి మీటింగ్‌లో అడిగింది. వచ్చే ఏడు చూద్దామన్నారట.

ఆగస్టు పద్నాలుగు. మర్నాడు జెండా పండుగ. స్టార్ పోయినా మార్చింగ్‌లో ముందు వరసలో ధాత్రి పేరు ఉంది. తెల్ల బూట్లకు సుద్ద కూడా రాసుకుంది. నిద్ర లేచేసరికి గొంతులో గరగర. ఒకసారి దగ్గింది. మంచం మీదే కాసేపు కూర్చుంది. తెల్ల బూట్లు ఎదురుగానే ఉన్నాయి.

"అమ్మా," అని పిలిచింది. "నాకు మళ్ళ దగ్గొచ్చింది. మాస్క్ ఏడున్నది? బతూల్ మేడంకు ఫోన్ చెయ్యి, రేపు సుత రానని."

బాత్రూంలో స్నానం అయిపోయింది. మంగవ్వ చిన్నోడిని చీరలో చుట్టి, చెవుల వెనక తుడుస్తోంది. వాడు బుగ్గలు ఊరి బొద్దుగా తయారయ్యాడు.

"దిష్టి తియ్యవే ధాత్రీ," అని అమ్మమ్మ వంటింట్లోంచి అనేసి, నాలుక కరుచుకుంది.

ధాత్రి మాస్క్ సరిచేసుకుని గడప అవతల నిలబడింది. మంగవ్వ ఆమె వైపు చూసింది. చిన్నోడి మొహాన్ని మెల్లగా ఆమె వైపు తిప్పి పట్టుకుంది.

ధాత్రి అక్కడి నుంచే రెండు చేతులూ చాచింది. తలనుంచి కాళ్ళదాకా వాణ్ణి గాలిలోనే తడిమింది. ఆ చేతులు మడిచి తన కణతలకు ఆనించి గట్టిగా నొక్కింది. పది వేళ్ళ మెటికలూ పటపటా విరిగాయి.

చిన్నోడు ఉలిక్కిపడి, తర్వాత బోసినోటితో నవ్వాడు.

"గట్టిగనే ఇరిగినయి," అన్నది మంగవ్వ. "మస్తు దిష్టి ఉండె."